ఊరి నడుమ ఒక తోటయు, ఒక రంగస్థలమును

ప్రతి సంవత్సరమును మా పాఠశాల వార్షికోత్సవము సమీపించినపుడు ఉపాధ్యాయులమైన మాకు రెండు చింతలు కలుగుచుండును. పిల్లలు తమ సంభాషణలను మరువక నాటకమును నడపగలరా యనునది మొదటిది. వచ్చిన వారినందరిని ఎక్కడ కూర్చుండబెట్టుదుమా యనునది రెండవది. మొదటి చింత ప్రతి యేటను వ్యర్థమైనదని తేలుచున్నది. పిల్లలు మనము తలచిన దానికంటె సమర్థులు. రెండవ చింత మాత్రము ఏటేటను నిజమగుచున్నది. ఆవరణ చిన్నది, వచ్చువారు పెక్కుమంది. షామియానా క్రింద పట్టినవారు పట్టగా తక్కినవారు ద్వారము కడను, గోడ వెలుపలను నిలిచియే చూచుచుందురు.

ఇటీవలి యుత్సవమున ఒక ముసలమ్మ గోడ వెలుపల నిలిచి, కాలివ్రేళ్లపై లేచి, లోనికి తొంగిచూచుచుండగా మేము చూచి, లోపల చోటున్నది రమ్మని పిలిచితిమి. ఆమె తల యడ్డముగా నూపి, "నాకెందుకు మేష్టారూ కుర్చీలు? పిలిచినోళ్లకి గదా అవి! నా మనవరాలు ఇక్కడ్నించే అగపడతంది, చాలు" అనెను. ఆ మనుమరాలు ఆ రాత్రి నాటకములో రాణి వేషము ధరించినది. రాణిగారి నాయనమ్మ గోడకు వెలుపల నిలిచినది. ఎంత పిలిచినను ఆమె లోనికి రాలేదు. ఆమెను ఎవ్వరును అడ్డలేదు. అయినను ఆ స్థలము తనదని ఆమెకు తోచలేదు. ఆ మాట మా మనస్సును విడువలేదు. ఈ వ్యాసమునకు ఆ మాటయే కారణము.

గుడ్లవల్లేరు నడిబొడ్డున, ఎవ్వరును పిలువనక్కర లేకయే అందరును వచ్చి కూర్చుండదగిన ఒక తోటయు, దానిలో ఒక ఆరుబయలు రంగస్థలమును ఉండవలెనని మేము కోరుచున్నాము. ఇందునకై ధనమును సేకరింపవలెననియు, ఆ ధనము ఎచ్చట నుండి, ఏ క్రమమున, ఏ నియమములతో రావలెనో ముందుగా యోచింపవలెననియు తలిదండ్రులకును, పూర్వ విద్యార్థులకును, ఊరి పెద్దలకును విన్నవించుచున్నాము.

మొదట, ఇప్పుడు మనము ఎక్కడ కూర్చుండుచున్నామో యోచింతము. పాఠశాల ఆటస్థలమునకు సాయంకాలము తాళము పడును. దేవాలయ ప్రాంగణమును, చర్చి ఆవరణమును, మసీదు ముంగిలియు పవిత్ర స్థలములే. కాని ఒక్కొక్కదానికి ఒక్కొక్క సమాజము వారే చనువుగా పోవుదురు. కల్యాణ మండపమునకు అద్దె యున్నది. టీకొట్టు ముందరి బల్లలు మగవారివి. ఇక ఆడవారు, అందులో పనిపాటలు చేసికొను ఇండ్ల ఆడవారు, సాయంకాలము ఒక గంటసేపు బిడ్డలతో కూడ విశ్రమించుటకు పోదమన్నచో, ఇది మాది యని చెప్పదగిన చోటేది? ప్రతి చోటునకు ఒక యజమానుడున్నాడు. ఎవ్వరిదియు కాక అందరిదియు నగు స్థలమే మనకు కొరత.

పిల్లల సంగతి చెప్పనక్కర లేదు. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సు వరకు గల బాలబాలికలు దినమునకు సగటున అరువది నిమిషములకు తక్కువ కాకుండ శరీరమునకు శ్రమ కలుగునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో మరల నొక్కి చెప్పియున్నారు. 2009 నాటి విద్యాహక్కు శాసనము ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలెనని విధించినది. ఆ స్థలము పాఠశాల వేళలలోనే పిల్లలకు దక్కును. తక్కిన వేళలందు వారు ఇరుకు సందులలోను, వాహనములు పరుగులెత్తు బాట ప్రక్కలను ఆడుచున్నారు. లేదా ఇంట మూల కూర్చుండి ఫోను చూచుచున్నారు. "మా వాడు ఫోను వదలడండీ" అని మాతో మొరపెట్టుకొను తలిదండ్రులను మేమొక ప్రశ్న యడుగుదుము. ఫోను వదలి ఎక్కడికి పొమ్మని మనము వానికి చెప్పుచున్నాము? చేతిలోని దానిని లాగికొనుట సులభము. దానికి బదులు మరియొక దానిని చూపుట పెద్దల ధర్మము. ఆడపిల్లల విషయమున ఈ కొరత మరింత తీవ్రమైనది. మగపిల్లవాడు కాలువ గట్టునకో పొలమునకో పరుగెత్తగలడు. ఆడపిల్లకు పండ్రెండేండ్లు వచ్చిన పిమ్మట ఆట యనునది పాఠశాల గంటతోనే ముగిసిపోవుచున్నది.

ఇక రంగస్థలము మాట. మన కృష్ణా డెల్టాలో ఆరుబయలు ప్రదర్శనము కొత్తది కాదు. మనకు సమీపముననున్న కూచిపూడి భాగవతులు పూర్వము గుడి యెదుటను, ఊరి నడుమను, దివిటీల వెలుగున రాత్రి యంతయు ఆడెడివారు. పామరుడును పండితుడును ఒక్క నేలపై కూర్చుండి చూచెడివారు. 1922లో గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు గారు బాల్యమున తండ్రిగారి మృదంగ వాద్యమునకు తరంగములాడి, ఊరివారి యెదుటనే కళాభ్యాసము మొదలిడిరి. 1923లో నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావు గారు బెజవాడ కళాశాలలో చదువుకొను దినములలో నాటకమున స్త్రీ పాత్ర ధరించుచు మీసము తీయింపనొల్లక నవ్వులపాలైన కథ అందరును ఎరిగినదే. గుడివాడ చెంతనే పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారును మొదట నాటక రంగమున స్త్రీ పాత్రలనే ధరించిరి. కృష్ణకు ఆవలి యొడ్డున, 1920లో పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు గారు బుర్రకథను ఊరూరను చెప్పి, 1986లో పద్మశ్రీ బిరుదము నందిరి. వీరందరును మొదట పెద్ద పట్టణముల శాలలలో ఆడినవారు కారు. ఊరిలో ఒక అరుగు, నాలుగు దీపములు, కూర్చుండి వినెడు జనము: ఇంతమాత్రమే వారికి దొరకినది. అదియే చాలినది.

అట్టి పిల్లలు నేడు మన తరగతులలో లేరని యెవరు చెప్పగలరు? ఏడవ తరగతిలో పద్యమును గొంతెత్తి పాడు బాలుడు మా కన్నుల ఎదుట నున్నాడు. అతడు సంవత్సరమునకు ఒక్క రాత్రి, ఏడు నిమిషములు మాత్రము వేదికపై నిలుచును. ఏడాదికి ఏడు నిమిషములు ఈత కొట్టినవాడు ఈతగాడగునా?

మేమీ సంగతి ప్రస్తావించినపుడు మాకు ఎదురు వచ్చిన ఆక్షేపణలు ముఖ్యముగా మూడు. వానిని దాచక చెప్పి, తోచిన సమాధానము లిచ్చెదము.

"మురుగు కాలువలు బాగుగ లేవు, త్రాగునీరు చాలదు, ఈ స్థితిలో తోటలు, నాటకములా?" యనునది మొదటిది. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. నీరును పారిశుద్ధ్యమును ముందే. అయితే ఆ రెంటి ధనమును తోటకు మరల్పవలెనని మేము కోరుట లేదు. మరల్చుటకు వీలును లేదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వరకు గల అయిదేండ్లకు గ్రామములకు ఇచ్చిన ధనములో నూటికి అరువది పాళ్లు నీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడి యుండవలెననియు, తక్కిన నలువది పాళ్లు ఊరి యవసరములను బట్టి వాడుకొనవచ్చుననియు నియమించినది. ఒక పనికి కట్టివేసిన ధనము ఆ పనికే పోవును. మిగిలిన స్వేచ్ఛా ధనములో ఒక భాగమును గురించియే మా విన్నపము.

"తోట వేసినచో రెండేండ్లలో ముండ్ల పొదయగును, త్రాగుబోతులు చేరుదురు" అనునది రెండవది. ఇది అన్నిటికంటె బలమైనది. ప్రారంభోత్సవము నాడు శిలాఫలకము, రంగు కాగితములు, ఛాయాచిత్రములు; మూడవ యేట తుప్పు పట్టిన ఊయల, పగిలిన బల్ల. ఇట్టివి మనమందరమును చూచియున్నాము. దీనికి మా సమాధానము తరువాత వివరముగా చెప్పెదము. ఈ యాక్షేపణయే మా ధనసేకరణ పద్ధతికి పునాది.

"ఆ స్థలములో అంగళ్లు కట్టినచో పంచాయతీకి అద్దె వచ్చును గదా!" యనునది మూడవది. వచ్చును. కాని అంగడి కట్టుటకు ఊరిలో నూరు చోట్లు దొరకును. ఊరి నడుమ ఖాళీ నేల ఒక్కసారి పోయినచో మరల రాదు. ఈ సంగతిని మన న్యాయస్థానములును గుర్తించినవి. బెంగుళూరులో ఉద్యానవనమునకై యుంచిన స్థలమును ఆసుపత్రి కట్టుకొనుటకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చినపుడు, అది చెల్లదని సుప్రీముకోర్టు 1991లో తీర్పు చెప్పినది. ఆసుపత్రి మంచిదే; అయినను అందరి తోటను తీసికొని కట్టదగినది కాదని దాని భావము. మరల 2011లో పంజాబునకు చెందిన ఒక చెరువు వ్యాజ్యములో, గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించుకొన్నవారిని తొలగించి, ఆ భూములను గ్రామములకు తిరిగి ఇప్పింపవలెనని అన్ని రాష్ట్రములకు ఆజ్ఞాపించినది. మన రాష్ట్రములోనే 2002 నాటి గ్రామ పంచాయతీ లేఔటు నియమములు, కొత్తగా ఇండ్ల స్థలములు వేయువారు మొత్తము నేలలో పదియవ వంతును తోటకును ఆటకును విడువవలెనని విధించినవి. కావున మొదటి పని చందా పుస్తకము అచ్చు వేయించుట కాదు. ఊరిలో పంచాయతీకి చెందిన, లేక ప్రజల ఉపయోగార్థము విడువబడిన నేల ఎక్కడెక్కడ, ఎన్ని సెంట్లు ఉన్నదో దస్తావేజులను చూచి, గ్రామసభలో చదివి వినిపించుట మొదటి పని. నేల నిశ్చయమైన పిమ్మటనే ధనము మాట.

ఎంత నేల కావలెను? ఎకరమునకు నూరు సెంట్లు గదా! ఏబది సెంట్లు, అనగా రెండు వేల నాలుగు వందల యిరువది చదరపు గజములు దొరకినను చిన్న తోటకు చాలును. మన నేల నల్లని బంకమన్ను. వానకాలమున నీరు నిలుచును. కావున మెరక చేయనిదే ఏ పనియు నిలువదు. వెలుపలి నుండి మన్ను తోలించుట మిక్కిలి వ్యయము. మన పెద్దలు చేసినట్లు ఒక మూల చిన్న గుంట త్రవ్వి, ఆ మన్నును అర్ధచంద్రాకారముగా మెట్లు మెట్లుగా పోసి గడ్డి నాటినచో కూర్చుండుటకు గట్టు ఏర్పడును. వాన నీరు గుంటలో చేరును. ఆ గుంటకు కంచె తప్పక ఉండవలెను. గుంట మనకు ప్రియము, పిల్లవాడు అంతకంటె ప్రియము. వేదిక దక్షిణమున నుండి ఉత్తరమునకు అభిముఖముగా నుండవలెను. అట్లయినచో సాయంకాలపు ఎండ ఆడువారి కన్నులలోను, చూచువారి కన్నులలోను పడదు; వేసవి సాయంకాలములందు సముద్రము వైపు నుండి వచ్చు గాలి పాడువాని గొంతును వినువారి కడకు మోసికొనివచ్చును. వేపయు కానుగయు మన నేలలో కష్టము లేక పెరుగును. తుపానుల దేశము గనుక రేకుల పైకప్పు కంటె పైకప్పు లేని గట్టి అరుగే మేలు. వీనితోబాటు రెండు వస్తువులు తప్పక యుండవలెను: త్రాగునీరు, ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి. ఈ రెండును లేని తోట మగవారి తోటయే యగును.

ఇక ధనము. మాకు నాలుగు ద్వారములు కనబడుచున్నవి.

మొదటి ద్వారము పంచాయతీ. 1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ వలన పదునొకండవ షెడ్యూలు ఏర్పడినది. గ్రామములకు అప్పగింపదగిన ఇరువదితొమ్మిది విషయములు అందున్నవి. వానిలో ఇరువదియొకటవది సాంస్కృతిక కార్యక్రమములు; ఇరువదితొమ్మిదవది ఉమ్మడి ఆస్తుల పోషణము. కనుక ఇట్టి పనిని ఊరివారు కోరుట వింతయు కాదు, విలాసమును కాదు. పంచాయతీ పనులలో చేర్పదగినదే యగుటచే, గ్రామసభలో చేయెత్తి కోరవలెను.

రెండవ ద్వారము పార్లమెంటు సభ్యుల స్థానిక అభివృద్ధి పథకము. 1993లో ప్రారంభమైన ఈ పథకము క్రింద ఒక్కొక్క సభ్యుడు సంవత్సరమునకు అయిదు కోట్ల రూపాయల మేరకు పనులను సిఫారసు చేయవచ్చును. అందులో నూటికి పదునైదు పాళ్లకు తక్కువ కాకుండ షెడ్యూల్డు కులములవారు నివసించు ప్రాంతముల మేలునకు వినియోగింపవలెనని నియమమున్నది. మన పేటల పిల్లలకు ఈ తోటలో సమాన భాగముండవలెనని కోరుటకు ఆ నియమము కూడ మనకు బలమిచ్చును.

మూడవ ద్వారము కంపెనీలు. 2013 నాటి కంపెనీల చట్టము నూట ముప్పదియైదవ సెక్షను ప్రకారము, చట్టము చెప్పిన పరిమితికి మించిన పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు పాళ్లు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను; తాము పనిచేయు ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెను. సాంప్రదాయిక కళల అభివృద్ధియు, పర్యావరణ పోషణమును ఆ చట్టము ఏడవ షెడ్యూలులో చేరియున్నవి. చక్కని పటములతోను, సరియైన లెక్కలతోను అడుగువారు లేక, ఇట్టి ధనము సిద్ధముగా అడుగుచున్న మరియొక ఊరికి పోవుచుండును.

నాలుగవ ద్వారము మన యిండ్ల వాకిలి. దీనిని చివర చెప్పినను, మొదట తట్టవలసినది దీనినే యని మా దృఢమైన యభిప్రాయము. కారణము వినుడు. ఆర్థిక సంఘపు స్వేచ్ఛా ధనమును జీతములకును, కార్యాలయ వ్యయములకును వాడరాదని నియమము. పెద్ద దాతలును సాధారణముగా కట్టడమునకే ఇత్తురు. కట్టడముపై పేరు చెక్కించుకొనవచ్చును, ఊడ్చిన నేలపై పేరు చెక్కించుకొనరాదు గదా! కావున గోడ కట్టుటకు ధనము దొరకును. గేటు తీసి మూయువానికి, మొక్కకు నీరు పోయువానికి, మరుగుదొడ్డి కడుగువారికి జీతము దొరకదు. తోటలు ముండ్ల పొదలగుట ఇందువలననే. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి, కొనసాగింప తనకు శక్తి యున్నదో లేదో లెక్క చూచుకొనవలెనని సువార్తలో నున్న ఉపమానము మన విద్యార్థులకు తెలిసినదే. పునాది వేసి ముగింపలేనివాడు నవ్వులపాలగును. తోట విషయమున ముగింపు అనగా ప్రారంభోత్సవము కాదు. పదియవ సంవత్సరపు సాయంకాలము.

కావున మా సూచన యిది. కట్టడపు నిధి కంటె ముందు పోషణ నిధిని ప్రారంభింపవలెను. వేయి కుటుంబములు నెలకు ఇరువది రూపాయల చొప్పున ఇచ్చినచో నెలకు ఇరువది వేలు, సంవత్సరమునకు రెండు లక్షల నలువది వేలు అగును. ఇరువది రూపాయలనగా ఇద్దరు త్రాగు టీ. ఒక సంవత్సర మిట్లు వసూలు చేసి, ఒక్క రూపాయియు వ్యయము చేయక బ్యాంకులో చూపగలిగినచో, అప్పుడు పంచాయతీ కడకును, పార్లమెంటు సభ్యుని కడకును, కంపెనీల కడకును తలయెత్తుకొని పోవచ్చును. "మీరు కట్టించుడు; మేము కాపాడుదుము. ఇదిగో ఋజువు" అని చెప్పవచ్చును. బిచ్చమడుగువానికిని భాగస్వామికిని గల భేదమిది.

ఇట్టి పద్ధతి మనకు కొత్తది కాదు. 1960 నాటి గ్రంథాలయ శాసనము వలన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయములకు చేరుట మనకు అలవాటైనదే. చదువని ఇంటివాడును ఆ ఎనిమిది పైసలు ఇచ్చుచున్నాడు. అతని బిడ్డ చదువుచున్నది. మన బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు గారు మొదలగు దేశభక్తులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు, ప్రభుత్వమువారి కొలువును గాని ధనమును గాని నమ్ముకొనలేదు. ప్రజల చందాలనే నమ్ముకొనిరి. సముద్రములకు ఆవల ఇంగ్లాండు దేశమున బర్కన్‌హెడ్ అను పట్టణమువారు 1847లో ప్రజాధనముతో ఒక ఉద్యానవనమును తెరచిరి. చుట్టునుగల స్థలములను ఇండ్లకు అమ్మి వ్యయమును రాబట్టుకొనిరి; తోట నడిమి నేలను మాత్రము అందరికి విడిచిరి. దానిని 1850లో చూచిన ఓమ్‌స్టెడ్ అను అమెరికా దేశస్థుడు, బీదవాడును ధనవంతుడును దానిని సమానముగ అనుభవించుట కాంచి ఆశ్చర్యపడెను. న్యూయార్కు నగరమునకు సెంట్రల్ పార్కును రూపొందించినవారిలో అతడు ఒకడు.

ధనము వచ్చు త్రోవ కంటె అది వచ్చునపుడు మనము పెట్టుకొను నియమములు ముఖ్యమైనవి. నాలుగింటిని విన్నవించెదము.

ప్రవేశమునకు రుసుము ఉండరాదు. అయిదు రూపాయల టిక్కెట్టు మనకు చిన్నది; నలుగురు బిడ్డలు గల కూలి తల్లికి అది ఇరువదియైదు రూపాయలు. టిక్కెట్టు పెట్టిన దినమున ఆ ముసలమ్మ మరల గోడ వెలుపలనే నిలుచును.

తోటకు ఏ దాత పేరును, ఏ కులము పేరును, ఏ కక్షి పేరును పెట్టరాదు. ఊరి పేరే చాలును. ఇచ్చినవారి పేర్లను, ఇరువది రూపాయలైనను ఇరువది లక్షలైనను, ఒక్క పుస్తకములో అక్షర క్రమమున వ్రాయవలెను. కానుక పెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి కథను చిన్ననాటి నుండి చదువుకొన్న మనకు ఈ నియమము వింతగా తోచరాదు.

రంగస్థలము వరుస ప్రకారము అందరిదియు కావలెను. శ్రీరామనవమికి హరికథయు, క్రిస్మసునకు నాటకమును, రంజాను పండుగకు పాటకచ్చేరియు అచ్చట జరుగవచ్చును. పాఠశాలలకు వారమున ఒక దినము విడువవలెను. రాత్రి పది గంటల తరువాత మైకు మ్రోగరాదు. చదువుకొను పిల్లలును, జబ్బుపడినవారును చుట్టు ఇండ్లలో నుందురు.

లెక్కలు ప్రతి నెల మొదటి వారమున తోట గోడపై పెద్ద యక్షరములతో వ్రాయబడవలెను. కమిటీలో సగముమంది స్త్రీలుండవలెను. ప్రతి పేట నుండియు ఒకరైనను ఉండవలెను. లెక్క దాగిన చోట నమ్మకము దాగును. నమ్మకము దాగిన పిమ్మట చందా రాదు.

మేము ఇన్ని నియమములు పెట్టుటకు కారణ మొక్కటియే. ఒక్కరి ధనముతో కట్టిన తోటలో తక్కినవారు అతిథులు. ప్రభుత్వ ధనముతో మాత్రమే కట్టిన తోటను ఎవ్వరును తమదనుకొనరు. ప్రతి యింటి నుండియు కొంచెము చేరి కట్టిన తోటలో ఒకనిని లేచిపొమ్మనుటకు ఎవ్వరికిని నోరు రాదు. కాబట్టి ఇరువది రూపాయలు అడుగుట ధనము చాలక మాత్రమే కాదు. ఇచ్చినవాడు కూర్చుండుటకు సంకోచింపకుండుటకు. ఇయ్యలేనివారు వారమునకు ఒక గంట చేతిపని ఇచ్చినను పుస్తకములో పేరు వ్రాయవలెను. ఆ గంట ఇరువది రూపాయల కంటె తక్కువది కాదు.

విద్యార్థులారా, మీరు చిన్నవారమని వెనుదీయకుడు. పై తరగతులవారు ఈ వేసవి సెలవులలో మీ మీ వీధులలోని ఇండ్లకు పోయి, ఏ యింట ఎందరు పిల్లలున్నారో, వారు సాయంకాలము ఎక్కడ ఆడుచున్నారో వ్రాసికొని రండు. అట్టి పట్టిక గ్రామసభలో మా యుపన్యాసముల కంటె గట్టిగా మాటలాడును. 1998 నుండి మన యూరనే యున్న ఇంజనీరింగు కళాశాలలో నేల కొలిచి పటము గీయగల యువకులు పెక్కుమంది గలరు, మీ అన్నలును అక్కలును వారిలో నున్నారు, వారి నడుగుడు. దూర దేశములలో నున్న మన పూర్వ విద్యార్థులు జన్మభూమికి ఏమి పంపుదుమా యని అప్పుడప్పుడు మాకు వ్రాయుచుందురు. పోషణ నిధికి పంపుడని వారికి మా కోరిక. దానిపై శిలాఫలక ముండదు గాని, ప్రతి సాయంకాలమును నీరు త్రాగిన మొక్క యుండును.

తలిదండ్రులారా, మీరు అలసియున్నారని మేమెరుగుదుము. పొలము, కొట్టు, కొలువు, అప్పు, అనారోగ్యము: వీని నడుమ తోట మాట ఎత్తుట మాకును కొంత సంకోచముగనే యున్నది. కాని అలసినవారికే గదా కూర్చుండు చోటు కావలెను!

రాబోవు వార్షికోత్సవమునకు ఈ తోట సిద్ధము కాదు. ఆ తరువాతి దానికిని కాకపోవచ్చును. ఆ లోగా మేము చేయగలిగినది ఒక్కటి కలదు. ఈ యేడు కుర్చీలు వేయము. ముందు వరుస మొదలు వెనుక వరుస వరకు చాపలే పరచెదము. ముఖ్య అతిథులును, మేమును, మీరును ఆ చాపలమీదనే కూర్చుందము. నాయనమ్మలను, అమ్మమ్మలను వెంటబెట్టుకొని రండు. గోడ వెలుపల ఎవరైనను నిలిచియున్నచో మా వలె పిలిచి ఊరకుండక, చేయి పట్టుకొని లోనికి తీసికొనిరండు.

— ఒక ఉపాధ్యాయుడు